అలంకరణ గడిచిన వారానికి, ఖాళీ రాబోయే వారానికి

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ప్లానర్ జర్నల్ (రోజువారీ పనులు రాసుకునే నోటుబుక్కు) మీద వచ్చిన వ్యాసంతో పాటు వేసిన ఫొటోలు చూడముచ్చటగా ఉన్నాయి. పూలతీగలు, నీటిరంగుల శీర్షికలు, వారంలో ఏడు రోజులకూ ఏడు రంగుల గడులు. ఒక్కటే లోటు: ఆ గడుల్లో ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. వాడుతున్న ప్లానర్‌లో కొట్టివేతలుంటాయి, బాణం గుర్తులుంటాయి, మార్జిన్‌లో ఇరికించి రాసిన ఫోన్ నంబరుంటుంది. ఇవేవీ కనిపించలేదంటే ఆ పేజీ ఇంకా పనిలోకి దిగలేదన్నమాట. కొత్తగా మొదలుపెట్టేవారు దాన్నే నమూనాగా పెట్టుకుంటే రెండో నెలకల్లా పుస్తకం అటకెక్కుతుంది. అప్పుడు తమకు క్రమశిక్షణ లేదని వాళ్లను వాళ్లే తిట్టుకుంటారు. నిజానికి పేజీ వేసిన తీరులోనే ఆ మానేయడం ఉంది.

అలాగని అలంకరణంతా దండగ అనేవారితోనూ మేం ఏకీభవించలేం. న్యూయార్క్ డిజైనర్ రైడర్ క్యారల్ 2013లో నోటుబుక్కులో పనులను చిన్న గుర్తులతో రాసుకునే బుల్లెట్ జర్నల్ పద్ధతిని జనం ముందుకు తెచ్చినప్పుడు అందులో హంగులు లేని మాట నిజమే. చేయాల్సిన పనికి చుక్క, ఫలానా రోజున జరిగేదానికి చిన్న సున్నా, గుర్తుంచుకోవాల్సిన సంగతికి అడ్డగీత. పని అయిపోతే చుక్క మీద ఇంటూ, ముందుకు జరిపితే కుడివైపు తిరిగిన బాణం తల. మొదటి పేజీల్లో విషయసూచిక. నీటిరంగులూ స్టిక్కర్లూ ఆ తర్వాత సోషల్ మీడియా ఫొటోలతో వచ్చి చేరాయి. అయితే ఒకే పెన్నుతో, ఒకే సైజు అక్షరాలతో, ఊపిరాడకుండా నింపిన నోటుబుక్కులో మూడు నెలల కిందటి సంగతి వెతకాలంటే ప్రతి పేజీ తిప్పాల్సిందే. శీర్షికను కాస్త బొద్దుగా రాయడం, రోజుకూ రోజుకూ మధ్య ఒక వరుస వదలడం, పేజీ అంచున రంగుపట్టీ అంటించడం కూడా అలంకరణే. ఇది కూర్చుని తినే రకం కాదు, పని చేసే రకం. పైగా ముట్టుకోబుద్ధి కాని పుస్తకాన్ని ఎవరూ రోజూ తెరవరు.

మేం చెప్పదలచింది ఇదీ: రాబోయే వారం పేజీని సాదాగా ఉంచండి, అలంకరణను గడిచిన వారం పేజీకి పెట్టుకోండి. వచ్చే వారం ఏ రోజు ఎంత పని వచ్చిపడుతుందో ఎవరికీ తెలియదు. ముందే బొమ్మలు వేసి, సమానంగా గడులు గీసి పెడితే సోమవారం తొమ్మిది పనులు మూడు వరుసల్లో ఇరుక్కుంటాయి, గురువారం గడి బోసిగా మిగులుతుంది. ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. రెండు గంటలు కష్టపడి వేసిన పేజీ మీద చెత్త రాతతో “గ్యాస్ బుకింగ్” అని గీకడానికి చేయి రాదు. పనులన్నీ చిన్న కాగితం ముక్కల మీదికో ఫోన్‌లోకో వెళ్లిపోతాయి. ప్లానర్ ఆల్బమ్ అయిపోతుంది.

చోటు లెక్క చూడకుండా ఏ నమూనానూ దింపుకోవద్దు. తెలుగులో రాసేవారికి ఇది మరీ ముఖ్యం. ఎక్కువమంది కొనేది ఏ5 సైజు చుక్కల నోటుబుక్కు. కాగితం 148 మి.మీ. వెడల్పు, 210 మి.మీ. ఎత్తు, చుక్కల మధ్య 5 మి.మీ. దూరం, అదే ఒక గడి. పైనా కిందా అంచులు పోగా నిలువున 38 గడులు, కుట్టు వైపు జాగా కూడా తీసేస్తే అడ్డంగా 26 గడులు చేతికొస్తాయి. ఇంగ్లిష్ రాత ఒక గడి ఎత్తులో ఇమిడిపోతుంది. తెలుగు ఇమడదు. “రాష్ట్రం”, “స్త్రీ” లాంటి మాటలు వరసగా రెండు లైన్లలో రాసి చూడండి. పై లైను ఒత్తు వచ్చి కింది లైను గుడికి తగులుతుంది. సన్న పెన్నుతో ఎలాగో ఇరికించినా, నాలుగు రోజుల తర్వాత మన రాత మనకే అర్థం కాదు. అందుకని చుక్కల కాగితం మీద తెలుగుకు లైనుకు రెండు గడులు వదలక తప్పదు.

ఇప్పుడు లెక్క కట్టండి. శీర్షికకు నాలుగు గడులిస్తే 34 మిగులుతాయి, అంటే 17 లైన్లు. రెండు పేజీల మీద వారం వేసేటప్పుడు కుడిపేజీలో నాలుగు రోజులు వస్తాయి కాబట్టి రోజుకు నాలుగు లైన్లు. తేదీకి ఒకటి పోతే మూడు పనులు. శీర్షిక చుట్టూ పూలదండ వేసి పది గడులు తినేస్తే మిగిలేది 14 లైన్లు. రోజుకు మూడు లైన్లు, తేదీ పోగా రెండే పనులు. మామూలు వాషి టేపు (రంగురంగుల అలంకరణ కాగితపు టేపు) వెడల్పు 15 మి.మీ., అంటే మూడు గడులు. పైన ఒకటి, కింద ఒకటి అంటిస్తే మూడు తెలుగు లైన్లు పోయినట్టే. వీడియోల్లో కనిపించే ఏడు నిలువు వరుసల నమూనా అసలే పనికిరాదు. రెండు పేజీల్లో ఉన్న 52 గడులను ఏడు రోజులకు పంచితే రోజుకు 35 మి.మీ. వస్తుంది. “కరెంటు బిల్లు కట్టాలి” అన్న చిన్న వాక్యం కూడా అందులో రెండుగా విరుగుతుంది.

తెలుగులో రాసేవారికి 7 మి.మీ. రూళ్ల పుస్తకమే మేలు. అంచులు పోగా పేజీకి 27 లైన్లు దొరుకుతాయి. రెండు పేజీల్లోనూ పైన రెండేసి లైన్లు శీర్షికకు వదలండి. ఎడమపేజీలో మూడు రోజులకు ఆరేసి లైన్ల చొప్పున 18 పోతే అడుగున ఏడు లైన్లు మిగులుతాయి. ఆ ఏడూ “ఈ వారంలో ఎప్పుడైనా” అన్న జాబితాకు. ఏ రోజుకూ అంటుకోని పనులు చేరడానికి ఒక చోటు లేకపోవడం వల్లే సోమవారం గడి పొంగిపొర్లుతుంది. కుడిపేజీలో నాలుగు రోజులకు ఆరేసి చొప్పున 24 లైన్లు, ఒకటి మిగులు. తేదీని లైన్లో రాయకుండా ఎడమ మార్జిన్‌లో పెద్ద అంకెగా వేస్తే రోజుకు ఇంకో లైను ఆదా, అందమూ వస్తుంది. పని పక్కన “కట్టాలి, చేయాలి, తేవాలి” అని రాయక్కర్లేదు, ఆ పని చుక్కే చేస్తుంది. అయితే మరీ కత్తిరించి “డాక్టరు” అని ఒక్క మాట రాస్తే ఫోన్ చేయాలా, వెళ్లాలా, రిపోర్టు పంపాలా తెలియదు. “డాక్టరుకు ఫోన్” అంటే చాలు.

ప్రతి వారం గడులు లెక్కపెట్టి గీతలు గీయడం కూడా విసుగు పుట్టించే పనే. 210 మి.మీ. పొడవు, మూడు సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అట్టముక్క తీసుకుని, రోజులు విడిపోయే చోటల్లా అంచున చిన్న గాటు పెట్టండి. ఒక అంచు ఎడమపేజీకి, రెండో అంచు కుడిపేజీకి. పేజీ పక్కన ఆనించి గాట్ల దగ్గర పెన్సిల్ చుక్కలు పెట్టి గీతలు గీస్తే వారం పేజీ రెండు మూడు నిమిషాల్లో సిద్ధం. ఆ అట్టే పేజీ గుర్తుగా కూడా పనికొస్తుంది. పనుల భారం రోజురోజుకూ బాగా మారేవారు అసలు గడులే గీయొద్దు. తేదీ వేసి, కావలసినన్ని లైన్లు రాసి, మర్నాటి తేదీ దాని కిందే వేసుకోవడం మంచిది.

ఇక సరంజామా. కొత్త పుస్తకం కొనగానే చివరి కాగితాన్ని పరీక్షలకు కేటాయించండి. మీ దగ్గరున్న ప్రతి పెన్నుతోనూ ఒక మాట రాసి, పక్కనే ఆ పెన్ను పేరు రాయండి. పది సెకన్లు ఆగి వేలితో రుద్దండి. తర్వాత దాని మీద హైలైటర్ నడపండి. చివరగా కాగితం తిప్పి వెనకవైపు చూడండి. ఈ నాలుగు పనులూ చేస్తే తర్వాత వచ్చే తలనొప్పుల్లో చాలా వరకు ముందే బయటపడతాయి. 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువున్న) కాగితం మీద జెల్ పెన్ను రాత వెనక నీడలా కనిపిస్తుంది, చదవడానికి అడ్డు రాదు. నీటి ఆధారిత బ్రష్ పెన్నులకు 100 నుంచి 120 జీఎస్‌ఎం ఉంటే నయం. ఆల్కహాల్ మార్కర్లు ఆ కాగితాన్నీ తడిపి అవతలికి దిగిపోతాయి, నోటుబుక్కులో వాటి జోలికి పోవద్దు. నీటిరంగు పడితే పలచటి కాగితం అలలు తేలుతుంది. ఎందుకంటే కాగితంలోని పీచు నీరు తాగి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ఒక్కోచోట ఒక్కోలా ముడుచుకుంటుంది. బొమ్మ నీటిరంగులోనే వేయాలనుకుంటే విడిగా 300 జీఎస్‌ఎం కాగితం మీద చిన్నది వేసి, ఆరాక కత్తిరించి అంటించుకోండి. అంటించడానికి ద్రవం గమ్ము వద్దు, అదీ నీరే. గ్లూ స్టిక్కో రెండు వైపులా అంటుకునే టేపో వాడండి.

హైలైటర్‌తో అక్షరాలు అలికిపోతున్నాయని ఫిర్యాదు చేసేవారు చాలామంది. హైలైటర్‌లో ఉన్నది నీరు. నీటిలో కరిగే డై సిరా ఉన్న జెల్ పెన్ను రాతను అది కరిగించి లాగేస్తుంది, ఆ మకిలి హైలైటర్ మొనకూ అంటుతుంది. ముందు రంగు వేసి, ఆరాక దాని మీద రాస్తే ఈ గొడవ ఉండదు. లేదంటే మామూలు బాల్ పెన్ను వాడండి. దాని సిరా నూనె రకం కాబట్టి నీటికి చలించదు. నీటిలో కరగని రంగుపొడితో చేసిన పిగ్మెంట్ సిరా ఉన్న సన్న ఫైన్‌లైనర్లు కూడా ఆరాక నీటికి తట్టుకుంటాయి. వాషి టేపు మీద, మెరిసే స్టిక్కర్ల మీద మాత్రం జెల్ సిరా ఆరదు, బాల్ పెన్ను జారుతుంది. అక్కడ రాయాలంటే పర్మనెంట్ మార్కరే గతి.

చెరిపేసి రాసుకునే పెన్నుల గురించి విడిగా చెప్పాలి. పైలట్ ఫ్రిక్సియన్ లాంటి వాటి సిరా వేడికి రంగు కోల్పోయే రకం. వెనక ఉన్న రబ్బరు ముక్కతో రుద్దితే పుట్టే వేడికే అక్షరం మాయమవుతుంది. వేడి సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటితే పేజీ మొత్తం మాయమవుతుంది. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పుస్తకం మరిచిపోతే అంత వేడి చేరగలదు. పక్కపేజీలో రంగు తొందరగా ఆరాలని హెయిర్ డ్రయ్యర్ పెట్టినా అదే జరుగుతుంది. ఫ్రీజర్‌లో బాగా గడ్డకట్టే చలిలో పెడితే రాత తిరిగి తేలుతుంది గానీ, ముందు చెరిపిన తప్పులు కూడా దాంతో పాటే తేలుతాయి. మారిపోయే అపాయింట్‌మెంట్లకు ఈ పెన్ను భేషుగ్గా ఉంటుంది. దాచుకోవాల్సిన ఏ వివరానికీ పనికిరాదు.

రంగులు మూడు, మహా అయితే నాలుగు. ఇల్లు, ఉద్యోగం, ఆరోగ్యం, డబ్బు అని విభజించుకుంటే అక్కడితో ఆపాలి. అదే ఎరుపు ఒకచోట “అర్జంటు” అనీ, ఇంకోచోట “ఆరోగ్యం” అనీ అర్థమిస్తే మెదడు రంగును పట్టించుకోవడం మానేస్తుంది. అర్జంటుకు రంగు కాకుండా ఆశ్చర్యార్థకం లాంటి గుర్తు వాడండి. అన్నిటికంటే ముఖ్యం, పగలంతా ఒకే పెన్నుతో రాయండి. పని గుర్తొచ్చిన చోట నాలుగు పెన్నులు ఉండవు. ఉన్నా సరైన రంగు వెతికేలోపు పని మరుపున పడుతుంది. సాయంత్రం ఓ నిమిషం కూర్చుని ప్రతి పని ముందూ రంగు చుక్క పెట్టుకుంటే సరిపోతుంది. ఎలాగూ అప్పుడు అవి ఒకసారి కంటపడతాయి.

వారాంతంలో అలంకరణ ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. వారం సమీక్ష అనేది ప్లానర్‌కు ప్రాణం, అందరూ ఎగ్గొట్టేదీ అదే. బొమ్మలూ స్టిక్కర్లూ ఇష్టమైనవారికి ఆ అరగంటకు కూర్చోవడానికి అంతకంటే మంచి లంచం లేదు. వరస మాత్రం తప్పొద్దు. ముందు వారంలో మిగిలిపోయిన చుక్కలన్నీ చూసి, ఒక్కోదాన్నీ కొట్టేయడమో కొత్త వారానికి జరపడమో చేయండి. మూడోసారి జరుపుతున్న పని కనిపిస్తే ఆగండి. అది మరీ పెద్ద పనైనా అయ్యుంటుంది, అక్కర్లేని పనైనా అయ్యుంటుంది. పెద్దదైతే మొదటి మెట్టు మాత్రం రాయండి: “ఇల్లు సర్దడం” బదులు “కింది అర ఖాళీ”. తర్వాత అట్టముక్కతో కొత్త వారం గీతలు గీసి, తెలిసిన తేదీలు ఎక్కించండి. ఇదంతా పదిహేను, ఇరవై నిమిషాల పని. ఆ తర్వాతే రంగుల డబ్బా తెరవాలి. పాత వారం పేజీలో ఎక్కడ ఖాళీ మిగిలిందో అప్పుడు కళ్లెదుట ఉంటుంది. బోసిపోయిన గురువారంలో టికెట్టు ముక్క అంటించండి, బొమ్మ వేయండి, ఆ వారం గురించి రెండు వాక్యాలు రాయండి. ఆ పేజీలో ఇక మారేదేమీ లేదు, కాబట్టి ఎంత నింపినా ఏ పనికీ అడ్డు రాదు. తీరిక లేని వారం పేజీ అలాగే వదిలేసినా నష్టం లేదు.

తప్పులు కప్పడానికీ అలంకరణ బాగా పనికొస్తుంది. వైట్‌నర్ ఆరడానికి సమయం పడుతుంది, మందంగా పడితే పెచ్చులూడుతుంది. తప్పుపడిన లైను మీద కాగితం స్టిక్కరు వేసి దానిమీదే రాసుకోవచ్చు. వాషి టేపును పేజీ అంచున మడిచి రెండు వైపులా అంటిస్తే నెల గుర్తవుతుంది. పుస్తకం మూసి ఉన్నప్పుడు కూడా పక్క నుంచి రంగుపట్టీలు కనిపిస్తాయి, కావలసిన నెల ఒక్క వేటుకు తెరుచుకుంటుంది. ఈ టేపుకు ఇంత పేరు తెచ్చిన జపాన్ కంపెనీ కమోయ్ కకోషి మొదట్లో ఈగలను పట్టే జిగురు కాగితం తయారు చేసేది. రంగురంగుల “ఎంటీ” టేపులు 2008లో తెచ్చింది. అందుకు మూలం పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు, అది ఊడదీయడానికే పుట్టింది. ఆ గుణం వాడుకోండి: పక్కాగా ఖరారు కాని తేదీని టేపు ముక్క మీద పర్మనెంట్ మార్కర్‌తో రాసి అంటిస్తే, మారినప్పుడు తీసి ఇంకో రోజు దగ్గర పెట్టొచ్చు.

అంటింపులకు మాత్రం లెక్క ఉండాలి. 192 పేజీల పుస్తకంలో 96 కాగితాలు. 100 జీఎస్‌ఎం అయితే దొంతర సుమారు పదకొండు, పన్నెండు మి.మీ. మందం. ఫొటో ప్రింటు ఒక్కోటి దాదాపు పావు మి.మీ. ఉంటుంది, నలభై అంటిస్తే సెంటీమీటరు పెరుగుతుంది. వీపు భాగం మొదటి మందానికే కుట్టారు కాబట్టి పుస్తకం నోరు తెరుస్తుంది, కుట్టు సాగుతుంది, ఎత్తుపల్లాల మీద పెన్ను ఎగిరెగిరి పడుతుంది. రెండు జాగ్రత్తలు చాలు. అన్నీ ఒకేచోట కాకుండా ఒక పేజీలో పైన, ఇంకో పేజీలో కింద అంటించండి. మందం మరీ పెరిగితే మధ్యమధ్య ఖాళీ కాగితాలు కత్తిరించి తీసేయండి. అయితే మొదలంటా చింపొద్దు. కుట్టు పుస్తకంలో ఒక షీటును మధ్యకు మడిచి రెండు కాగితాలు చేస్తారు, ఒకటి పీకితే దాని జంట కాగితం వదులై రాలిపోతుంది. కుట్టు వైపు సెంటీమీటరున్నర వదిలి కత్తిరించాలి.

అలవాట్ల పట్టికల మోజు గురించి రెండే మాటలు. పన్నెండు అలవాట్లకు నెలకు 31 రోజుల చొప్పున 372 గడులు. గీయడానికే ఒక పూట. రెండో వారంలో ఖాళీలు పడటం మొదలైతే ఆ పేజీ తెరవాలంటేనే మొహం చెల్లదు. మూడు, నాలుగు చాలు. అది కూడా నెల పేజీలో తేదీల పక్కనే పెడితే విడిగా పేజీ తిప్పే పని ఉండదు.

సంపాదకులకు ఒక మనవి. ఈ అంశం మీద మళ్లీ రాయించేటప్పుడు, ఆదివారం సాయంత్రం నాటి కొత్త పేజీ ఫొటో పక్కనే అదే పేజీ తర్వాతి శనివారం రాత్రి ఎలా ఉందో కూడా వేయండి, కొట్టివేతలతో సహా. కత్తిరించుకునే నమూనా పేజీ ఇచ్చే ఉద్దేశం ఉంటే లైన్ల మధ్య 7 మి.మీ.కు తగ్గకుండా చూడండి, అంచు పూలతీగ ఒక్క సెంటీమీటరు దాటకుండా చూడండి. న్యూస్‌ప్రింట్ మీద జెల్ పెన్ను సిరా పాకుతుంది కాబట్టి, పెన్సిల్‌తోనో బాల్ పెన్నుతోనో రాయమని అడుగున ఒక ముక్క వేస్తే పాఠకులకు మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
మీ పాఠకులు